సైకిల్ రేసుకు ‘నక్కో’ అనే ముందు

ఈ ఏడాది మూడు ఇళ్ళ నుంచి నాకు ఒకటే ప్రశ్న వచ్చింది. ఒకటి తలాబ్‌కట్ట నుంచి, ఒకటి బార్కస్ నుంచి, మూడోది నల్లగొండ నుంచి. "భాయ్‌సాబ్, మావాడు హిమాచల్‌లో పహాడ్ల మీద జరిగే సైకిల్ రేసుకు పోతానంటున్నాడు. రోడ్డు మీద కాదంట. రాళ్ళల్లో, బురదలో, అడవి దారుల్లోనంట. పొమ్మనాలా, నక్కో అనాలా?" అఖ్బారులో పనిచేసేవాణ్ణి కదా, నాలుగు సంగతులు తెలిసుంటాయని అడిగారు. ముగ్గురికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబును ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇలాంటి బచ్చాలు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉన్నారని నా అందాజా.

నా రాయి ఇది. వాడికి ముందు తయారీకి ఇజాజత్ ఇవ్వండి. తయారీ పూర్తిచేస్తే రేసుకు మీరే దువా చేసి పంపిస్తారు. పూర్తి చేయకపోతే రేసు మాట వాడే ఎత్తడు. ఎలా చూసినా ఇంటికి నష్టం లేదు. ఎందుకంటే ఈ రేసు తయారీకి కావలసినవన్నీ మన ఇళ్ళల్లో, మన మొహల్లాల్లో కొన్నేళ్ళుగా తగ్గిపోతూ వచ్చినవే: వఖ్త్‌కు నిద్ర, వఖ్త్‌కు తిండి, రోజూ కొంచెం మెహనత్, ఒక ఉస్తాద్ మాట వినే ఆదత్.

అసలు ఈ రేసు ఏంటి?

మనకు తెలిసిన సైకిల్ పోటీ తారు రోడ్డు మీద, సన్నటి టైర్లతో జరిగేది. ఇది వేరు. వెడల్పాటి గరుకు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగో గాలి షాకో, డిస్క్ బ్రేకులు ఉన్న సైకిల్ వేసుకుని కొండ ఎక్కాలి, దిగాలి, వాగు దాటాలి. చక్రం తిరగని చోట సైకిల్‌ను భుజాన వేసుకుని నడవాలి. ఒక్కరోజు మారథాన్ పోటీ అయితే 60 నుంచి 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రోజుకో మజిలీ చొప్పున చాలా రోజులు సాగేవి ఇంకో రకం. మన దేశంలో ఆ రకానికి పేరు తెచ్చింది 2005లో మొదలైన ‘ఎంటీబీ హిమాలయా’. షిమ్లా వైపు కొండల్లో జరుగుతుంది. దక్షిణాఫ్రికాలో 2004 నుంచి జరుగుతున్న ‘కేప్ ఎపిక్’ ఎనిమిది రోజులది. అందులో ఒంటరిగా పోనివ్వరు, ఇద్దరిద్దరు జోడీగా పోవాలి. జోడీలో ఇద్దరి మధ్య 2 నిమిషాలకు మించి ఎడం వస్తే శిక్ష పడుతుంది. అంటే బలమున్నవాడు బలం తగ్గినవాడి కోసం ఆగాలి. ఈ ఒక్క ఖాయిదా కోసమైనా ఆ పోటీని మన పిల్లలకు చూపించాలనిపిస్తుంది నాకు.

ఇలాంటి పోటీల్లో గెలుపు కోసం పోయేవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళంతా టైం అయిపోయేలోపు చివరిదాకా చేరాలని పోతారు. అమెరికాలోని లెడ్‌విల్ అనే కొండ ఊళ్ళో 100 మైళ్ళ పోటీ ఉంది. అంటే సుమారు 160 కిలోమీటర్లు. 12 గంటల్లోపు ముగించినవాళ్ళకు బెల్టుకు పెట్టుకునే బకిల్ ఇస్తారు. దానికోసం మనుషులు ఏడాదంతా తయారవుతారు.

ఉర్దూలో సబ్ర్ వేరు, తాఖత్ వేరు. తెలుగులో మాత్రం ‘ఓపిక’ అనే ఒక్క మాట రెండింటికీ సరిపోతుంది. "కాస్త ఓపిక పట్టు" అంటే సబ్ర్ చెయ్యమని. "లేచే ఓపిక లేదు" అంటే ఒంట్లో బలం లేదని. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చదువుతున్నప్పుడు ఈ మాట దగ్గర నేను కొన్నాళ్ళు ఆగిపోయాను. ఈ రేసుకు కావలసింది సరిగ్గా ఈ రెండర్థాల ఓపిక. మన నౌజవాన్లలో జోష్‌కు కమీ లేదు. బండి మీద ముందు చక్రం లేపి పోయే జోష్ ప్రతి గల్లీలో కనిపిస్తుంది. ఆరు గంటలు ఒకే పని చేసే ఓపిక మాత్రం నేర్పితేనే వస్తుంది.

"సైకిల్ కైకు బాబా?"

అమ్మానాన్నల మొదటి అభ్యంతరం ఖత్రా గురించి ఉంటుందనుకున్నాను. కాదు, ఇజ్జత్ గురించి. "సైకిల్ కైకు బాబా, గాడీ లేలో" అని ఇంట్లో పెద్దలే అంటారు. పాతబస్తీలో సైకిల్ అంటే దూద్‌వాలా, అఖ్బార్ వేసే పిల్లగాడు, కార్ఖానాకు పోయే మజ్దూర్. గరీబీ నుంచి బయటపడ్డామని చూపించడానికి మనం మొదట వదిలేసింది సైకిల్‌నే.

నగరం పడమటి వైపు చూడండి. 2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు, సోలార్ పలకల కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. కార్లున్నవాళ్ళు కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని అక్కడికి వస్తారు. మనం గరీబీ నిషానీ అని పారేసినదాన్ని వాళ్ళు సేహత్ నిషానీ అని తెచ్చుకున్నారు. చార్మినార్ ఇవతల అలాంటి ట్రాక్ లేదు. అది అడగడం మన హక్. అయితే ట్రాక్ వచ్చేదాకా కూర్చోవలసిన పని ఈ పోటీకి లేదు. దీనికి ట్రాకే అక్కర్లేదు.

ఇక ఖర్చా మాట. కొండల్లో తిరగడానికి పనికొచ్చే, మంచి బ్రేకులున్న సైకిల్ ముప్పై నలభై వేలల్లో దొరుకుతుంది. సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకా తగ్గుతుంది. అదే తండ్రి కొడుక్కి పద్దెనిమిదేళ్ళు రాగానే లక్ష దాటిన మోటర్‌సైకిల్‌ను కిస్తుల మీద కొంటాడు, పెట్రోల్ వేరే. ఇంటర్ పాసైన పిల్లగాడికి ఆ బండి ఇచ్చి రాత్రిపూట రోడ్డు మీదికి వదలడం కన్నా, హెల్మెట్ పెట్టి కొండ మీదికి పంపడం పెద్ద ఖత్రా అని నేననుకోను.

రాత్రి రెండు గంటల చబూత్రా

అసలు ఇల్లాజ్ అవసరమైన మర్జ్ ఇక్కడుంది. దాదాపు పదేళ్ళ కింద దక్షిణ మండలం పోలీసులు ‘ఆపరేషన్ చబూత్రా’ అని మొదలుపెట్టారు. అర్ధరాత్రి దాటాక గల్లీ చబూత్రాల మీద కూర్చున్న పిల్లల్ని పట్టుకుపోయి, వాలిదైన్‌ను పిలిపించి, కౌన్సెలింగ్ చేసి పంపేవాళ్ళు. తర్వాత కూడా అప్పుడప్పుడు చేశారు. కుర్చీల్లో వరసగా తలలు దించుకుని కూర్చున్న తండ్రుల ఫోటోలు అఖ్బారుల్లో వచ్చాయి. ఆ ఫోటోలు నాకు నచ్చలేదు. చబూత్రా మీద కూర్చోవడం జుర్మ్ కాదు. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉంటే పిల్లగాడు ఇంకెక్కడ కూర్చుంటాడు?

అయినా ఒక నిజం ఒప్పుకోవాలి. రాత్రి రెండింటికి పడుకుని పగలు పదకొండింటికి లేచే పిల్లగాడి నుంచి కాలేజీ, నౌక్రీ, ఫజర్ మూడూ జారిపోతాయి. పోలీసు కేక, అమ్మ ఏడుపు, ఇమామ్ సాబ్ నసీహత్ వాణ్ణి ఒక వారం మారుస్తాయేమో. ఏ భయమూ పెట్టకుండా నెలల తరబడి రాత్రి పదింటికి పడుకోబెట్టేది ఒక్కటే ఉంటుంది: పొద్దున్నే వాడికి ఇష్టమైన పని. రాత్రి మేలుకున్నవాడు మర్నాడు చఢాయి మీద పట్టుబడతాడు. కొండకు బహానాలు చెప్పలేడు.

నలభై వారాల హిసాబ్

పోటీ వానలు తగ్గాక, సెప్టెంబర్ చివరా అక్టోబర్ మొదటా అనుకుందాం. అక్కడి నుంచి వెనక్కి నలభై వారాలు లెక్కపెడితే డిసెంబర్ వస్తుంది. ఏమీ రానివాడికి ఆ మాత్రం వఖ్త్ కావాలి.

మొదటి మూడు నెలలు మెల్లగా తొక్కడమే. ఎంత మెల్లగా అంటే పక్కవాడితో ఆగకుండా మాట్లాడగలిగేంత. పిల్లలకు ఇదే నచ్చదు, ఊపిరి తెగేలా తొక్కితేనే మెహనత్ అనుకుంటారు. కానీ గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయడం, కండరం కొవ్వును కాల్చుకుని గంటలకొద్దీ పనిచేయడం ఈ మెల్లటి తొక్కుడుతోనే నేర్చుకుంటాయి. పునాది గట్టిపడ్డాక వారానికి ఒకరోజు ఎత్తు ఎక్కడం కలపాలి. వారం ఇలా ఉండొచ్చు. సోమవారం ఆరామ్. మంగళవారం గంట. బుధవారం ఎత్తులు. గురువారం ఇంట్లోనే నడుముకూ భుజాలకూ వర్జిష్. జుమ్మా రోజు సైకిల్ కడగడం, చైన్‌కు నూనె, బ్రేకుల తనిఖీ. శనివారం గంటన్నర. ఆదివారం పొడవు సఫర్. మొదట రెండు గంటలతో మొదలై, నెలలు గడిచేకొద్దీ ఐదారు గంటలకు పోవాలి. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచి, నాలుగో వారం తగ్గించాలి. ఒళ్ళు బలపడేది తొక్కేటప్పుడు కాదు, తర్వాత పడుకున్నప్పుడు. పోటీకి ముందు రెండు వారాలు బాగా తగ్గించాలి. ఆ రోజుల్లో పిల్లగాడు కాలు నిలవక ఇంట్లో తిరుగుతుంటాడు, కొంచెం భరించండి.

ఈ నలభై వారాల మధ్యలోనే ఇంటర్ పరీక్షలు, రమజాన్, ఎండలు, వానలు అన్నీ వస్తాయి. పరీక్షల నెలలో వారానికి మూడు గంటలు చాలు. ఈ మధ్య ఏళ్ళల్లో రమజాన్ చలికాలం చివర్లో వస్తోంది. ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. రోజాలో పెద్ద సఫర్ పెట్టుకోవద్దు. ఇఫ్తార్‌కు ముందు ముప్పావుగంట మెల్లగా తిరిగి వచ్చి ఖజూర్ అందుకోవడం ఒక తరీఖా, తరావీహ్ తర్వాత నీళ్ళు బాగా తాగి గంటసేపు తొక్కడం ఇంకో తరీఖా. ఆ నెలలో పెంచడం ఉండదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే. ఏప్రిల్, మే ఎండల్లో ఫజర్ కాగానే బయల్దేరి ఎనిమిదిలోపు ఇంట్లో ఉండాలి. జూన్ నుంచి వానలు. బురదలో జారడం, జారి పడకుండా నిలబడడం నేర్చుకునే మౌసమ్ అది.

రాళ్ళు మన గుమ్మం ముందే

తయారీకి హిమాలయం అవసరం లేదు. ఈ దక్కన్ నేల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ మీదుగా పహాడీషరీఫ్ వైపు పోతే, నగరం అంచుల్లో ఇంకా మిగిలిన గుట్టలు, మొరం దారులు కనిపిస్తాయి. బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న ఆ కొండను మనమందరం మెట్లెక్కి చూసినవాళ్ళమే. దాని చుట్టుపక్కల దారులు కొండ సైకిల్‌కు మదర్సా లాంటివి. జియారత్‌కు వచ్చేవాళ్ళ దారిలో, ఖబ్రస్తాన్‌లలో మాత్రం సైకిల్ తొక్కకూడదు. అది అదబ్. క్వారీ గుంతల దగ్గరికి అసలే పోకూడదు.

అక్కడ నేర్చుకోవలసిన హునర్ చాలా ఉంది. దిగేటప్పుడు సీటు మీంచి లేవాలి, రెండు పెడళ్ళు సమానంగా ఉంచి మడమలు కిందికి దించాలి, ఒళ్ళు వెనక్కి పోవాలి. బ్రేకు మీద ఒక్క వేలు, మిగతా వేళ్ళు హ్యాండిల్ మీద. చూపు ముందు చక్రం మీద కాకుండా పది గజాల అవతల. రాయిని చూస్తూ పోతే రాయి మీదికే పోతాం, దారిని చూస్తే దారిన పోతాం. మొరంలో ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు బోర్లా పడతాడు. ఇవన్నీ మాటల్లో తేలిక, ఒంటికి ఎక్కడానికి నెలలు పడుతుంది.

కొన్ని నెలల తర్వాత వికారాబాద్ అనంతగిరి కొండలు. మూసీ పుట్టే చోటది, ఒక పూటలో పోయి రావచ్చు. జిల్లాల్లో ఉన్నవాళ్ళకు ఇంకా ఆసాన్. నల్లగొండ వైపు రాచకొండ గుట్టలు, కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాళ్ళు, మదనపల్లె వాళ్ళకు హార్స్‌లీ హిల్స్. రిజర్వ్ ఫారెస్టులోకి మాత్రం ఇజాజత్ లేకుండా అడుగు పెట్టకూడదు.

ఇంటి పక్క రాయి నుంచి హిమాలయం దాకా దారి ఉందా అని అడిగేవాళ్ళకు జవాబు మన తెలంగాణలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలిపని చేసుకునే ఇంటి పిల్ల మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. మొదటి పాఠాలు భువనగిరి రాతి గుట్ట మీద నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్. రాయి అందరికీ ఉంది, ఆ రాయి దగ్గరికి చేయి పట్టుకుని తీసుకుపోయే ఉస్తాద్ ఆమెకు దొరికాడు.

దస్తర్‌ఖాన్ మీద ఏముండాలి

మా తిండి ఇలాంటి వాటికి పనికిరాదని అమ్మీల బెంగ. నేను ఒప్పుకోను. గంటలకొద్దీ తొక్కేవాడికి గంటకు ముప్పై నుంచి అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. వంద గ్రాముల ఖజూర్‌లో అది సుమారు 70 గ్రాములుంటుంది. విదేశీ జెల్ పాకెట్ ఎందుకు? గింజలు తీసిన ఖజూర్ జేబులో వేసుకుంటే చాలు. రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకున్నా మంచిదే. నిమ్మకాయ, చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండను బట్టి. దాహం వేసేదాకా ఆగొద్దు.

పోయే ముందు ఖిచిడీ, ఖట్టా మంచి నాష్తా. ఖీమా మాత్రం కొంచెమే. నహారీ, పాయే, హలీమ్ కడుపులో గంటలకొద్దీ కూర్చుంటాయి, వాటితో కొండ ఎక్కలేం. ఆదివారం పొద్దున నహారీ మన రివాజ్ కదా, దాన్ని తీసెయ్యమని నేననను. తొక్కి వచ్చాక తినండి, అప్పుడు దాని మజా వేరు. రాత్రి పన్నెండింటి బిర్యానీ మాత్రం పోవాలి. ఒక్కడి కోసం ఇంట్లో రాత్రి భోజనం తొమ్మిదింటికి వస్తే, షుగర్, బీపీ ఉన్న అబ్బాకు, దాదీకి కూడా ఫాయిదానే.

ఖత్రా, షర్తులు

ఖత్రా లేదని అబద్ధం చెప్పను. పడతారు. చర్మం గీసుకుపోతుంది, మెడ దగ్గరి హస్‌లీ ఎముక విరిగే ప్రమాదం ఉంది. పైగా మన నగరం సముద్రమట్టానికి ఐదువందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. హిమాచల్ కనుమలు కొన్ని మూడువేల మీటర్లు దాటతాయి. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం కన్నా దాదాపు మూడోవంతు తక్కువ. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం వస్తే అది కమ్‌జోరీ కాదు, ఎత్తు చేసే పని. పైకి పోవడం ఆపాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. నాలుగైదు రోజుల ముందే పోయి ఒంటికి అలవాటు చెయ్యాలి.

అందుకే అమ్మానాన్నలు షర్తులు పెట్టాలి. నేనైతే ఇవి పెడతాను:

ఒకటి, హెల్మెట్ లేకుండా గల్లీ చివరిదాకా కూడా సైకిల్ కదలకూడదు.

రెండు, మొదలుపెట్టే ముందు డాక్టర్ దగ్గర గుండె తనిఖీ, ఈసీజీ. ఖాందాన్‌లో చిన్న వయసులో గుండెపోటు ఉంటే ఇది ఇంకా జరూరీ.

మూడు, గుట్టల్లోకి ఒంటరిగా పోవద్దు. కనీసం ముగ్గురు. ఒకడు పడితే ఒకడు దగ్గరుంటాడు, ఒకడు సాయానికి పోతాడు.

నాలుగు, పంక్చర్, తెగిన చైన్, వంగిన బ్రేకు ఈ మూడూ తన చేతులతో బాగుచేయడం వచ్చాకే రేసు ఫీజు కడతాం. పాతబస్తీలో మెకానిక్ ఉస్తాదులకు తక్కువా? రెండు నెలలు ఆదివారం సాయంత్రాలు దుకాణంలో షాగిర్ద్‌గా కూర్చోనివ్వండి. గౌలిగూడ సైకిల్ దుకాణాల్లో సామాను కొని తెచ్చుకుని తనే బిగించనివ్వండి.

ఐదు, మొదటి ఏడాదే హిమాచల్ వద్దు. ముందు దగ్గర్లో ఒక్కరోజు పోటీ ఏదైనా ముగించి చూపించాలి. లేదంటే నగరంలోని సైకిల్ క్లబ్బుల 200 కిలోమీటర్ల బ్రెవె, అంటే పదమూడున్నర గంటల్లో ముగించే సఫర్. అది రోడ్డు మీదిదే అయినా ఓపిక ఎంతుందో చెప్పేస్తుంది.

మరి బేటీలు?

బార్కస్ నుంచి ఫోన్ చేసిన బెహన్ చివర్లో గొంతు తగ్గించి అడిగింది, "మా అమ్మాయి కూడా అడుగుతోంది." అలా గొంతు తగ్గించి అడగవలసి రావడమే నాకు బాధ కలిగించింది. మాసుమా అలీజాదా అనే అఫ్గాన్ అమ్మాయి కాబూల్ వీధుల్లో సైకిల్ తొక్కినందుకు తిట్లు, బెదిరింపులు పడింది. ఫ్రాన్స్‌లో పనాహ్ తీసుకుని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున సైకిల్ పోటీలో దిగింది. హెల్మెట్ కింద స్కార్ఫ్ అలాగే ఉంది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయ్యింది. ఆమె వెనక మొదటి రోజు నుంచి నిలబడింది వాలిద్. ఉస్మానియా యూనివర్సిటీలో సైకిల్ పోటీల కోసం కట్టిన వెలొడ్రోమ్ ఉంది. నలుగురు అమ్మాయిలు, ఒక అన్నో అబ్బానో తోడుంటే పొద్దున్నే ఎక్కడికైనా పోయి రావచ్చు. ఓపిక నేర్చుకునే హక్ కొడుకులకు మాత్రమే ఉందని ఎవరన్నారు?

మొహల్లా చేయగలిగింది

ఒక్క ఇల్లు ఒక్కటే మోయలేని పని ఇది. మన షహర్‌లో ఇది కొత్త కూడా కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ స్కూలు టీచర్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చింది. బూట్లు, మైదానాలు, పైసలు మన దగ్గర ఎక్కువున్నందుకు వచ్చిన గెలుపులు కావు అవి. ఒక ఉస్తాద్, వఖ్త్‌కు వచ్చే షాగిర్దులు. బార్కస్ తాలీంలలో పహిల్వాన్లు తయారైంది కూడా ఈ పద్ధతిలోనే: తెల్లారకముందే లేవడం, లెక్కగా తినడం, ఉస్తాద్ ఆపమనేదాకా ఆపకపోవడం. కొండ సైకిల్ తాలీం కూడా అంతే, మట్టి మారింది.

ఇందాక లెడ్‌విల్ పేరు చెప్పాను. 1980ల మొదట్లో ఆ ఊరి పక్క గని మూతపడి వేలమంది రోజ్‌గార్ పోయింది. పనిపోయిన గని మనుషుల్లోనే ఒకాయన, ఊరికి మనుషులు రావాలంటే ఏదో ఒకటి చెయ్యాలని 1983లో వంద మైళ్ళ పరుగు పందెం పెట్టాడు. 1994లో సైకిల్ పోటీ కలిసింది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఆ చిన్న ఊరికి వస్తారు. పహాడీషరీఫ్ గుట్టల్లో ఏటా చలికాలంలో నలభై కిలోమీటర్ల పోటీ ఒకటి పెట్టుకోవడానికి మనకు అడ్డేంటి? పెళ్ళికి ఫంక్షన్ హాల్ అలంకరణ మీద పోసే పైసల్లో ఒక భాగం చాలు. దారి గుర్తుపెట్టడానికి చున్నా, నాలుగు చోట్ల నీళ్ళు, ఒక అంబులెన్స్, తహసీల్దార్, పోలీసుల ఇజాజత్. చాయ్ దుకాణాలకు బేరం. మస్జిద్ కమిటీలు, స్కూలు యాజమాన్యాలు, మొహల్లా పెద్దలు కలిసి బస్తీకి ఐదుగురు పిల్లల్ని, ఒక ఉస్తాద్‌ను చూసుకుంటే ఏడాదిలో జట్టు తయారవుతుంది.

ఈలోగా ఇంట్లో పిల్లగాడు మళ్ళీ రేసు మాట ఎత్తితే ‘నక్కో’ అనకండి, ‘హౌ’ అని కూడా వెంటనే అనకండి. ఒక్కటే అడగండి: "రేపు ఫజర్‌కు లేస్తావా?" లేస్తే మర్నాడు అడగండి. నలభై రోజులు వరసగా లేస్తే ఆదివారం వాడితో కలిసి సైకిల్ దుకాణానికి పోండి. దుకాణంవాడికి పైసలు మీరివ్వండి, సైకిల్ ఎంచుకోవడం వాడికే వదిలేయండి.